రసీదు అడగడం మర్చిపోకు

ఖమ్మం

సింధూ,

అమ్మ దీవెనలు. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు గదిలో మిగతా పిల్లలు ఉన్నారని నేను ఎక్కువ మాట్లాడలేదు. ఫోన్లో చెప్తే సగం గుర్తుండదు, వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి వదిలేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దాచుకో. నీ స్నేహితులు చదువుతామంటే చదవనివ్వు. నీ రూమ్మేట్ సంగతి రాసిన పేజీలు మాత్రం ఆ పిల్లకు తప్ప ఎవరికీ చూపించకు.

నువ్వు చెప్పిన సంగతులు మూడు. లైబ్రరీ నుంచి లేడీస్ హాస్టల్‌కి వచ్చే రోడ్డు మీద లైట్లు వెలగడం లేదు, ఎవరో బైకు మీద వెంటపడి ఇద్దరు అమ్మాయిల్ని భయపెట్టారు. వార్డెన్‌కి చెబితే లైట్లు వేయించలేదు సరికదా, అమ్మాయిల గేటు ఏడింటికే మూసేయడం మొదలుపెట్టారు. అబ్బాయిల హాస్టల్‌కి మాత్రం పది గంటల దాకా అడిగేవాళ్ళు లేరు. మూడోది, నీ రూమ్మేట్‌కి వాళ్ళ ప్రాజెక్ట్ గైడ్ రాత్రిపూట పంపే మెసేజ్‌లు. ఇవన్నీ చెప్పి చివర్లో "కంప్లైంట్ ఇచ్చినా ఏం కాదులే అమ్మా, ఇంటర్నల్స్‌లో మార్కులు పోతాయి, అంతే" అన్నావు. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

నా పని నీకు తెలుసు. సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీలు తీసుకుని, నంబర్లు వేసి, ఏ సెక్షన్‌వి ఆ సెక్షన్‌కి పంపడం. ఇన్నేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చుని నేను తెలుసుకున్నది ఒకటే. నోటితో చెప్పుకుని వెళ్ళినవాళ్ళ గోడు సాయంత్రానికే ఎవరికీ గుర్తుండదు. కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకున్నవాళ్ళని ఏ ఆఫీసరూ అంత తేలిగ్గా పంపించేయలేడు. పట్టాదారు పాస్‌బుక్ కోసం ఒక పెద్దావిడ వస్తూ ఉండేది. చదువు రాదు. పాత రసీదులన్నీ ఒక పాలిథిన్ కవర్లో వచ్చిన వరసలోనే పెట్టుకునేది. కొత్తగా వచ్చిన ఆఫీసరు "ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చావా అమ్మా?" అనగానే ఆ కవరు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూసి, డీలింగ్ అసిస్టెంట్‌ని అక్కడికే పిలిపించాడు. ఆవిడ నోరు విప్పాల్సిన పనే పడలేదు.

"వార్డెన్‌కి చెప్పాం" అంటున్నారు కదా. ఏ రోజు చెప్పారు, ఎవరు చెప్పారు? రేపు ఆవిడ "నాకెవరూ చెప్పలేదే" అంటే మీ దగ్గర చూపించడానికి ఏముంది? ముందు అది సరిచేసుకోండి.

లైట్ల అర్జీ తేలిక, దాంతోనే మొదలుపెట్టండి. మీ సెంట్రల్ ఆఫీసులో స్టూడెంట్ గ్రీవెన్స్ రిడ్రెసల్ కమిటీ అని ఒకటి ఉండాలి. ఇది యూనివర్సిటీ దయతలచి పెట్టేది కాదు. దేశంలోని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ ఉండి తీరాలి. ప్రొఫెసర్ అధ్యక్షతన సీనియర్ అధ్యాపకులు ఉంటారు, విద్యార్థుల్లో ఒకరిని ప్రత్యేక ఆహ్వానితులుగా పిలుస్తారు. కమిటీలో కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, బీసీల నుంచి కనీసం ఒకరు ఉండాలి. ఇస్తామన్న సదుపాయాలు ఇవ్వకపోవడం, ప్రాస్పెక్టస్‌లో లేని డబ్బు అడగడం, ఫలితాలు ఆలస్యం చేయడం, వివక్ష, ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి. అర్జీ అందాక 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వడానికి ప్రయత్నించాలి, దాని కాపీ మీకూ పంపాలి. వాళ్ళ నిర్ణయం సరిగా లేదనిపిస్తే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే విద్యార్థుల అప్పీళ్ళు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆ పదవిలో రిటైరైన వైస్ ఛాన్సలరో, రిటైరైన సీనియర్ ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జో ఉంటారు. ఆయనకు 30 రోజుల గడువు. అంబుడ్స్‌పర్సన్‌ని నియమించని యూనివర్సిటీల పేర్లు యూజీసీ 2024లో జాబితా వేసి మరీ బయటపెట్టింది, అందులో వందకు పైనే ఉన్నాయి. కాబట్టి మీ దగ్గర ఆ కుర్చీలో మనిషి ఉన్నాడో లేదో ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. లేకపోతే అదే మీ రెండో అర్జీ.

రాసేటప్పుడు "క్యాంపస్‌లో భద్రత కరువైంది" లాంటి వాక్యాలు వద్దు. అలాంటి అర్జీ నా బల్ల మీదకు వస్తే ఎవరికి పంపాలో నాకే తెలియదు. లైబ్రరీ వెనక గేటు నుంచి హాస్టల్ దాకా నడుచుకుంటూ వెళ్ళి ఏ స్తంభానికి లైటు లేదో చూడండి. స్తంభాల మీద పెయింటుతో నంబర్లు వేసి ఉంటే అవి రాసుకోండి, లేకపోతే "కెమిస్ట్రీ బ్లాక్ మలుపు నుంచి వాటర్ ట్యాంక్ దాకా" అని గుర్తులు రాయండి. చీకటి పడ్డాక ఫొటోలు తీయండి. బైకు సంగతి విడిగా ఒక పేరాలో, తేదీ, సుమారు టైము, బండి రంగు, ఎటు పోయాడు అని రాయండి. నంబరు చూడకపోతే చూడలేదనే రాయండి, ఊహించి రాస్తే మిగతా నిజమంతా పలచబడుతుంది. చివర్లో మీరు కోరేదేమిటో స్పష్టంగా ఉండాలి. లైట్లు ఫలానా తేదీలోపు వేయించమని, అప్పటిదాకా రాత్రి లైబ్రరీ మూసేవరకు ఆ రోడ్డులో సెక్యూరిటీని పెట్టమని. సంతకాల కింద హాల్‌టికెట్ నంబర్లు రాయించండి. అబ్బాయిల చేత కూడా పెట్టించండి, ఆ రోడ్డు వాళ్ళూ వాడతారు కదా. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. క్లర్కు "ఇచ్చేసి వెళ్ళమ్మా, సార్‌కి పెడతాను" అంటాడు. మర్యాదగానే నిలబడి "సార్, అక్‌నాలెడ్జ్‌మెంట్ ఇవ్వండి" అను. వెయ్యనంటే గొడవ పెట్టుకోవద్దు. అదే కాగితం స్కాన్ చేసి రిజిస్ట్రార్‌కి మెయిల్ పెట్టి, ఇంకో కాపీ స్పీడ్ పోస్ట్‌లో పంపి ఆ స్లిప్పు దాచు. పోస్టాఫీసు ముద్ర కూడా ముద్రే.

ఈ కమిటీ పేరు మీ అన్నయ్యకి అప్పుడే తెలిసి ఉంటే పెద్దమ్మ అంత ఏడ్చేది కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని ఆ కాలేజీ వాడి సర్టిఫికెట్లు ఆపేసింది. వచ్చిన ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడి, వడ్డీకి తెచ్చి కట్టారు. డబ్బు కోసం పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం కూడా ఫిర్యాదు చేయదగ్గ విషయమేనని ఆ నిబంధనల్లోనే ఉంది. నీకు టీసీ అవసరమయ్యే రోజున ఇది గుర్తుపెట్టుకో.

ఇక గేటు సంగతి. నిజం చెప్పాలంటే నువ్వు ఏడింటికల్లా గదిలో ఉంటే అమ్మగా నాకు ధైర్యంగానే ఉంటుంది. అయినా వార్డెన్ చేసినది నేను ఒప్పుకోను. వెంటపడ్డవాడు బయట తిరుగుతుంటే లైబ్రరీ మానేసి లోపల కూర్చోవాల్సింది మీరా? ఇంట్లో కూర్చుని ఆవేశంతో అంటున్న మాట కాదిది. లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ తెచ్చిన 2015 నాటి నిబంధనల్లో, అవి 2016 మేలో నోటిఫై అయ్యాయి, ఈ సంగతి రాసే ఉంది. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళలో అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదు. భద్రతా ఏర్పాట్లు నిఘాగా మారి ఆడపిల్లల తిరుగుడుకే అడ్డు కాకూడదు. క్యాంపస్‌లో వెలుతురు సరిపడా ఉండాలని, సెక్యూరిటీలో మహిళలు తగినంతమంది ఉండాలని, పెద్ద క్యాంపస్‌లలో హాస్టల్, లైబ్రరీ, ల్యాబ్‌ల మధ్య నమ్మకమైన రవాణా ఉండాలని కూడా అందులోనే ఉంది. ఆ నిబంధనల పేరు, సంవత్సరం అర్జీలో ఒక్క వాక్యంగా రాయండి. నిబంధన పేరు రాసిన కాగితాన్ని పక్కన పడేసే ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తారు. లైట్ల అర్జీలో దీన్ని కలపొద్దు, విడిగా ఇవ్వండి. ఒక కాగితంలో రెండు సంగతులు ఉంటే తేలికైనది చేసి రెండోదానికి కూడా "పరిష్కరించబడినది" అని రాసేస్తారు.

ఇప్పుడు నీ రూమ్మేట్ గురించి. ఇక్కడ నెమ్మదిగా చదువు.

ఆ పిల్ల "సార్ చెయ్యి వెయ్యలేదు కదా, ఇది కంప్లైంట్ ఇచ్చేంతదా" అంటోందని చెప్పావు. ఇచ్చేంతదే. ఇష్టం లేదని తెలిసీ అలాంటి మాటలు, బొమ్మలు పంపడం, ప్రాజెక్టు సాయాన్నీ మార్కుల్నీ ఎరగా చూపించడం చట్టం దృష్టిలో వేధింపే. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, ఇందాక చెప్పిన యూజీసీ నిబంధనలు రెండూ విద్యార్థినులకు వర్తిస్తాయి. దీనికి గ్రీవెన్స్ కమిటీ కాదు, ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ, అంటే ఐసీసీ. దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలే అయి ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, విద్యార్థుల విషయమైతే విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు ప్రతినిధులు ఉండాలి. ఆ పిల్ల భయం వాళ్ళ హెచ్ఓడీకి, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌కి, ఆ గైడ్‌కీ స్నేహమని కదా. హెచ్ఓడీలు, డీన్లు, రిజిస్ట్రార్, వీసీ ఈ కమిటీలో సభ్యులుగా ఉండకూడదని నిబంధనే ఉంది. ఇది ఆ పిల్లకు ముందు చెప్పు, కొంత ఊపిరి పీల్చుకుంటుంది.

గడువు చాలా ముఖ్యం. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. వరుసగా జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. ఇవ్వలేకపోవడానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. అందుకని "సెమిస్టర్ అయ్యాక చూద్దాం" అనొద్దని చెప్పు. రాయడం రాకపోతే, చేతులు ఆడకపోతే, రాసి ఇవ్వడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. అసలు రాయలేని స్థితిలో ఉంటే తోటి విద్యార్థులు కూడా ఇవ్వొచ్చు. కానీ ఆ పిల్ల తెలివిలో ఉండి, వద్దంటుంటే నువ్వు ముందుకు దూకి ఇవ్వకు. అది తన విషయం, నిర్ణయం తనది. నువ్వు పక్కన ఉండు.

మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. అసహ్యమేసి తీసేయాలనిపిస్తుంది, అయినా వద్దు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన నంబరు, పక్కన తేదీ, టైము కనబడాలి. తన మెయిల్‌కి తనే పంపుకుని ఉంచుకోమను. క్లాస్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. పెడితే నాలుగు రోజులు అందరూ జాలిపడతారు, ఐదో రోజు ఆ పిల్ల గురించే మాట్లాడతారు. విచారణ వివరాలు, పేర్లు బయటికి రాకూడదని నిబంధన ఉన్నప్పుడు ఆ రక్షణను మన చేత్తో మనం పోగొట్టుకోవడం ఎందుకు?

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో దాని కాపీ ఆ గైడ్‌కి వెళ్తుంది, ఆయన పది రోజుల్లో జవాబిస్తాడు. ఆ రోజులే కష్టమైనవి. అందుకే ఫిర్యాదుతో పాటే మధ్యంతర రక్షణ అడగమను. ఆయన్ని తన గైడ్‌గా తప్పించడం, తన పేపర్లూ ప్రాజెక్టూ ఆయన దిద్దకుండా ఆపడం, దూరంగా ఉండమని హెచ్చరించడం, అవసరమైతే తనకు సెలవు ఇవ్వడం, ఇవన్నీ కమిటీ విచారణ నడుస్తుండగానే సిఫారసు చేయగలదు. మార్కులు పోతాయన్న నీ భయానికి ఉన్న మందు ఇదే. అడగకపోతే ఎవరూ తమంతట తాము ఇవ్వరు, రాతలో అడగాలి. విచారణ 90 రోజుల్లో పూర్తవాలి. ఆ తర్వాత 10 రోజుల్లో నివేదిక యూనివర్సిటీ పెద్దలకు చేరాలి, 30 రోజుల్లో దానిమీద చర్య తీసుకోవాలి. నచ్చకపోతే అప్పీలు ఉంది.

మధ్యలో ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "ఆయనకీ కూతుళ్ళున్నారమ్మా, రాజీ పడండి" అంటాడు. తప్పకుండా వస్తాడు. రాజీ అనేది ఆ పిల్ల తనంతట తాను అడిగితేనే, అందులోనూ డబ్బు ప్రసక్తి ఉండకూడదు. ఇంకొకరు వచ్చి "రుజువు కాకపోతే నీ మీదే కేసు" అని బెదిరిస్తారు. అది అబద్ధం. కావాలని అబద్ధం కల్పించి ఇచ్చిందని తేలితే వేరు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదని 2013 చట్టమే చెప్తోంది. పోలీసుల దగ్గరికి వెళ్ళే హక్కు ఎప్పుడూ ఉంది, ఐసీసీ అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. ఆడపిల్లల భద్రతకు పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, అత్యవసరానికి 112 ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఏ స్టేషన్‌కి వెళ్ళినా "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి.

నిబంధనలు ఇంత బాగుంటే మరి ఎందుకిలా ఉంది అని నువ్వు అడుగుతావు. న్యాయమైన ప్రశ్నే. 2015 జులైలో నాగార్జున యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివే పిల్ల హాస్టల్లో చనిపోయినప్పుడు నువ్వు చిన్నదానివి. ర్యాగింగ్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. అన్నీ ఉండగానే ఆ పిల్ల పోయింది. 2025 జులైలో ఒడిశాలోని బాలాసోర్‌లో ఒక బీఎడ్ విద్యార్థిని తన హెచ్ఓడీ మీద ఫిర్యాదు చేసి, న్యాయం జరగడం లేదని ప్రాణం పోగొట్టుకుంది. ఆ వార్త టీవీలో వస్తున్నంతసేపూ నాకు నువ్వే గుర్తొచ్చావు. ఆ పిల్ల చేయవలసినదంతా చేసింది. చేయవలసినవాళ్ళు చేయలేదు. అది ఆ పిల్ల ఓటమి కాదు, ఆమె ఒంటరిగా మోయాల్సిన బరువూ కాదు. ఆ నెలలోనే, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వచ్చి చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలని అందులో ఒకటి. మీ యూనివర్సిటీలో కౌన్సిలర్ గది ఎక్కడో, ఏ టైములో ఉంటారో కనుక్కో. రాత్రిపూట ఎవరికైనా మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయొచ్చు, డబ్బు తీసుకోరు.

అందుకే నీ రూమ్మేట్‌ని ఈ రోజుల్లో ఒంటరిగా వదలకు. మెస్‌కి కలిసి వెళ్ళండి. విచారణకు పిలిచిన రోజు గది బయట కూర్చో. వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పిందా? చెప్పకపోతే, ఎందుకు భయపడుతోంది? చదువు మాన్పించి పెళ్ళి చేస్తారనా? తను సరేనంటే వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను. ఆడపిల్ల చెప్పుకున్నందుకు ఆమెకే శిక్ష వేయొద్దని ఇంకో తల్లిగా చెప్తే వినే అవకాశం ఉంది.

నీ గురించి కూడా. నువ్వు ఇప్పుడు సీనియర్‌వి. అడ్మిషన్ టైములో యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ మీద నీతో పాటు నేనూ సంతకం పెట్టాను, అది ఊరికే పెట్టలేదు. కొత్తగా వచ్చిన పిల్లల్ని "సరదాగా" అంటూ ఎవరైనా ఏడిపిస్తుంటే నువ్వు పక్కన నిలబడి నవ్వకు. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522, మీ ఫ్లోర్ నోటీస్ బోర్డు మీద లేకపోతే రాసి అంటించు. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చని జూనియర్లకు చెప్పు. కులం పేరుతో ఎవరైనా ఎవరినైనా తక్కువ చేస్తుంటే దానికి 2012 నుంచి యూజీసీ నిబంధనలు వేరే ఉన్నాయి, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్‌కి వెళ్ళాలి. అది చిన్న విషయమని ఎవరన్నా అంటే నమ్మకు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో రోహిత్ వేములను పోగొట్టుకున్న రాష్ట్రం మనది.

ఇంకో మాట. ఈ కంప్లైంట్ల వల్ల నీకు ఒక సెమిస్టర్ పోయినా, కాలేజీ మారాల్సి వచ్చినా, అన్నీ వదిలేసి ఖమ్మం బస్సెక్కి వచ్చేసినా మన ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు. నాన్న కూడా ఇదే రాయమన్నాడు. నానమ్మకు నేను చెప్పుకుంటాను. అర్ధరాత్రయినా ఫోన్ చేయి, టెన్షన్ పెట్టడం ఎందుకులే అని దాచకు. దాస్తేనే టెన్షన్.

లైట్ల అర్జీ డ్రాఫ్ట్ తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి గురువారంలోపు నాకు ఫొటో తీసి పంపు, దిద్ది పంపుతాను. శనివారం నాన్న హైదరాబాద్ వస్తున్నాడు, నీకు సున్నుండలతో పాటు ఒక జిప్ ఫోల్డర్ పంపిస్తున్నాను. ఇచ్చిన ప్రతి కాగితం కాపీ అందులో తేదీల వరసలో పెట్టు. ఐసీసీ సభ్యుల పేర్లు మీ డిపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డులో ఉన్నాయో లేదో రేపు పొద్దున క్లాసుకి వెళ్తూ చూసి నాకు మెసేజ్ పెట్టు.

మీ అమ్మ